మిద్దె తోటకు కార్తెల జాబితా: హైదరాబాద్‌లో ఏడాది పనులను కాగితం మీద పెట్టుకునే పద్ధతి

మిద్దె తోటలో పని ఏడాదంతా ఒకే తీరుగా ఉండదు. ఆగస్టులోనో డిసెంబరులోనో పొద్దున్నే పైకెళ్ళి నాలుగు కాయలు కోసుకుని, రెండు పండుటాకులు తుంచి దిగొచ్చేయొచ్చు. అదే జూన్ మొదటి పక్షంలోనో అక్టోబరు మధ్యలోనో అయితే మట్టి కలపాలి, పందిరి కట్టాలి, నారు పోయాలి, నీళ్ళు దిగే జాలీలు శుభ్రం చేయాలి, పాత తీగలు పీకాలి. అన్నీ ఒకే ఆదివారం నెత్తిన పడతాయి. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం మీద పని మూడుచోట్ల ఇలా కుప్పపడుతుంది: ఎండలు వానల్లోకి తిరిగేటప్పుడు, వానలు చలిలోకి తిరిగేటప్పుడు, చలి ఎండల్లోకి తిరిగేటప్పుడు. జాబితా కావాల్సింది ఈ మూడు సంధులకే. మిగతా రోజులకు చిన్న చీటీ చాలు.

చాలామంది జాబితా మొదలుపెట్టి రెండు మూడు వారాలకే మానేయడానికి కారణం కూడా ఇదే. 'నీళ్ళు పోయాలి' దగ్గర నుంచి 'పందిరి వేయించాలి' దాకా అన్నిటినీ ఒకే పేజీలో వరసగా రాస్తారు. రోజూ చేసే పనికీ ఏడాదికోసారి చేసే పనికీ తేడా లేకుండా అన్నీ ఒకే వరసలో నిలబడితే కళ్ళు ఆ పేజీని దాటేసుకుని పోవడం నేర్చుకుంటాయి. కింద చెప్పే పద్ధతిలో ఈ పనులను ముందు విడదీస్తాం, తర్వాత వేళకు కట్టేస్తాం.

మొదటి పని: కుండీలకు నంబర్లు

జాబితా కంటే ముందు చేతిలో ఒక కాగితం పట్టుకుని మిద్దె అంతా ఒక్కసారి తిరగండి. మెట్ల తలుపు దగ్గర మొదలుపెట్టి గోడ వెంబడే వెళ్తూ ప్రతి కుండీకీ, గ్రో బ్యాగుకీ, మడికీ ఒక నంబరు ఇవ్వండి. నంబరు మొక్కది కాదు, కుండీది. 14వ కుండీలో ఇవాళ వంగ ఉంటుంది, నవంబరులో ముల్లంగి ఉంటుంది, నంబరు మాత్రం మారదు. మార్కర్ పెన్నుతో రాస్తే మన ఎండకు నెలల్లోనే వెలిసిపోతుంది. తలుపులకు వేయగా మిగిలిన ఆయిల్ పెయింటు కాస్త ఉంటే దాంతో రాయండి. బ్యాగుల మీద పెయింటు నిలవకపోతే అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో గీసి తీగతో కట్టినా సరిపోతుంది.

ప్రతి నంబరు పక్కన మూడు వివరాలు రాసుకోండి: ఎండ ఎంతసేపు పడుతుంది, లోతు ఎంత, ఇప్పుడు అందులో ఏముంది. ఎండ గంటలు అంచనాగా రాసినా ఫర్వాలేదు, కానీ మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చూడండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి, వేసవిలో ఎండ బాగా పడిన మూల దక్షిణం వైపు అపార్ట్‌మెంటు నీడలో పడిపోవచ్చు. టమాటా కుండీలను ఎక్కడ పెట్టాలన్నది ఈ ఒక్క వివరం తేల్చేస్తుంది.

తిరిగేటప్పుడే బరువు సంగతి కూడా చూడండి. తడిసిన మట్టి చాలా బరువు. పెద్ద కుండీలు, డ్రమ్ములు గోడల వెంబడి, కింద బీములున్న చోట ఉండాలి. స్లాబు నడిమధ్యన పెద్దవేమైనా ఉంటే, వాటిని జరపడమే మీ జాబితాలో మొదటి పని.

రెండో పని: మూడు కాగితాలు

మొదటిది కార్తె కాగితం. కార్తె అంటే ఇంచుమించు రెండు వారాల కాలం, దాని లెక్క కింద నాలుగో పనిలో ఉంది. ఒక్కో సంధికి ఒక్కో పేజీ. ఏడాదికోసారి వచ్చే పెద్ద పనులన్నీ ఇందులో ఉంటాయి.

రెండోది ఆదివారం చీటీ. కార్తె కాగితంలోంచి ఈ వారం చేయగలిగినవి మాత్రం ఇందులోకి దించుకుంటారు.

మూడోది కొనాల్సినవి. దీన్ని విడిగా ఉంచడం చాలా ముఖ్యం. మిద్దె మీద ఆగిపోయే పనుల్లో ఎక్కువ భాగం ఓపిక లేక ఆగినవి కావు, సామాను లేక ఆగినవి. కొమ్మలు కత్తిరించడానికి పైకెళ్తారు, కత్తెర తుప్పుపట్టి ఉంటుంది. మట్టి కలుపుదామంటే వేపపిండి సంచీ ఖాళీ. కార్తె కాగితం రాసిన రోజే దానికి కావాల్సిన సామాను ఈ కాగితంలోకి ఎక్కించండి. పని మొదలుపెట్టే ఆదివారానికి ముందు వారమే అవి ఇంట్లో ఉండాలి. జూన్ మొదటి వాన పడ్డాక నర్సరీల్లో రద్దీ ఎలా ఉంటుందో తెలిసిందే. నారు అయిపోతుంది, మిగిలినది వాడిపోయి ఉంటుంది. మే ఆఖరులోనే వెళ్తే నర్సరీ అతను మీతో మాట్లాడే తీరికలో ఉంటాడు. విత్తనాలకు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఆన్‌లైన్‌లో అమ్మే 'అర్క' రకాలు నమ్మదగ్గవి. రాజేంద్రనగర్ వైపు వెళ్ళే పని ఉన్నవాళ్ళు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఏ విత్తనాలు ఉన్నాయో కనుక్కోవచ్చు.

నీళ్ళు పోయడం, పండుటాకులు తీయడం, కోతకొచ్చినవి కోయడం వంటి రోజువారీ పనులు ఏ కాగితంలోనూ రాయకండి. రోజూ పైకెళ్ళే అలవాటున్నవాళ్ళకు వాటికి గుర్తు అక్కర్లేదు. ఆ అలవాటు లేకపోతే జాబితా వల్ల అది రాదు.

మూడో పని: ఒక పనిని రాసే తీరు

'ఎరువు వేయాలి' అని రాస్తే అది పని కాదు, బెంగ. ఏ కుండీకి, ఎంత, దేని తర్వాత అన్నవి లేకపోతే పైకెళ్ళాక మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది. దాన్నే ఇలా రాసి చూడండి:

'7 నుంచి 12 వరకు: పైమట్టి రెండు అంగుళాలు గుల్ల చేసి, ఒక్కోదానికి రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు, అర గుప్పెడు వేపపిండి. కలిపి నీళ్ళు. వాన వచ్చేలా ఉంటే వద్దు.'

ఆ చివరి మాట అందులో అసలైనది. వాన ముందు వేసిన ఎరువు కుండీ అడుగు రంధ్రంలోంచి జారి జాలీలోకి పోతుంది.

ఇంకో ఉదాహరణ. 'పురుగుమందు కొట్టాలి' అనే బదులు: '3, 4 (బెండ): ఆకుల అడుగున చూడు. పేనుబంక ఉంటే ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కడుగు. రెండు రోజుల తర్వాత కూడా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ.' ఇందులో 'చూడు' అన్న మాట ముందుంది. చాలాసార్లు చూడటంతోనే పని అయిపోతుంది, మందు అక్కర్లేదు. వేపనూనెను మిట్టమధ్యాహ్నం కొడితే ఆకులు మాడతాయి కాబట్టి సాయంత్రం అన్న మాట కూడా రాయాలి.

పెద్ద పనులను ముక్కలు చేయండి. 'పందిరి' అంటే నిజానికి నాలుగు పనులు: కొలతలు తీసుకోవడం, కర్రలో పైపులో తేవడం, నిలబెట్టి కట్టడం, పైన వైరో నైలాన్ వలో అల్లడం. ఒక్కోటీ ఒక్కో గీత మీద ఉంటే వారానికి ఒకటి తెగుతుంది.

నాలుగో పని: తేదీ బదులు కార్తె

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను కార్తె అంటారు. ఏడాదికి 27 కార్తెలు. సూర్యుడి నడకను బట్టి లెక్క కాబట్టి ఇంగ్లీషు తేదీలతో ఇంచుమించు ఏటా ఒకేచోట పడతాయి. ఇంట్లో వేలాడే తెలుగు క్యాలెండర్‌లో చూసుకోవచ్చు. మన పనికి ముఖ్యమైనవి ఇవి, ఒకరోజు అటూ ఇటూగా:

రోహిణి: మే 25
మృగశిర: జూన్ 8
ఆరుద్ర: జూన్ 22
పునర్వసు: జులై 6
ఉత్తర: సెప్టెంబరు 13
చిత్త: అక్టోబరు 11
స్వాతి: అక్టోబరు 24
విశాఖ: నవంబరు 6
ధనిష్ఠ: ఫిబ్రవరి 6
ఉత్తరాభాద్ర: మార్చి 18

నెల పేరుతో రాస్తే 'జూన్‌లో చేయాలి' అన్న పని జూన్ 30 దాకా సాగుతుంది. వారం పేరుతో రాస్తే ఊపిరాడదు. కార్తెలో రెండు ఆదివారాలుంటాయి. ఒకటి పనికి, ఇంకోటి మిగిలినదానికి. సామెతలు కూడా ఆ పేర్లతోనే ఉన్నాయి కాబట్టి వాతావరణం గుర్తుపెట్టుకోవడం తేలిక. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్నారు, అంటే అప్పుడు లేత నారును ఎండలో పెట్టే సాహసం చేయకూడదు. మృగశిర ప్రవేశం అయితే హైదరాబాద్‌లో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరే రోజు అదే.

అయితే కార్తె ఒక్కటే సరిపోదు, దానికో గుర్తు కూడా కావాలి. పొలంలో రైతు 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి భూమి బాగా తడిశాకే విత్తుతాడు. మిద్దె మీద ఆ లెక్క వేరు. కుండీకి తడి మన చేతిలోనే ఉంది, నల్లా తిప్పితే చాలు. మన చేతిలో లేనిది వేడి. కాబట్టి మిద్దె తోటవాళ్ళు ఎదురుచూడాల్సింది వాన కోసం కాదు, వేడి తగ్గడం కోసం. మే ఆఖరులో ఓ ఉరుముల వాన పడగానే గింజలు పెట్టేస్తే, తర్వాత వారం 40 డిగ్రీలకు మొలకలు వాడిపోతాయి. కార్తె కాగితం పైన ఇలా రాసుకోండి: 'మృగశిర + వరసగా మూడు రోజులు మబ్బు.' రెండూ కలిసినప్పుడే మొదలు.

పూల సంగతి మాత్రం కార్తెతో తేలదు. కూరగాయలు సూర్యుణ్ణి చూస్తే, మన పండుగలు చంద్రుణ్ణి చూస్తాయి. బతుకమ్మకో దీపావళికో బంతిపూలు కావాలంటే పండుగ తిథి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. గింజ పెట్టిన దగ్గర నుంచి చేతినిండా పూలు రావడానికి ముద్దబంతికి సుమారు 70 రోజులు పెట్టుకుందాం. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ, అంటే బతుకమ్మ మొదటి రోజు, సెప్టెంబరు 21న వచ్చింది. అంటే గింజలు జులై 13 ప్రాంతంలో పడాలి. 2026లో అధిక జ్యేష్ఠం (అదనంగా వచ్చే చాంద్రమాసం) వల్ల అదే పండుగ అక్టోబరు 10కి జరిగింది. గింజలు ఆగస్టు 1న పెట్టాలి. నిరుటి తేదీకే పెడితే పూలన్నీ పండుగకు ముందే విచ్చి వాడిపోతాయి. కాబట్టి ఉగాది పంచాంగం చేతికి రాగానే చేయాల్సిన మొదటి లెక్క ఇదే: పండుగ తేదీ, అందులోంచి 70 తీసేయాలి, వచ్చిన తేదీ పక్కన 'బంతి' అని రాయాలి. దీపావళికి విడిగా ఇంకో విడత.

ఐదో పని: సంధుల కాగితాలు రాయడం

*రోహిణి నుంచి ఆరుద్ర దాకా*

ఈ కాగితాన్ని మే మొదటి వారంలోనే రాసుకోండి. వరస ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ ఒక పని ఆగితే వెనక ఉన్నవన్నీ ఆగుతాయి.

రోహిణి ఎండను తిట్టుకునే బదులు పనికి వాడుకోవాలి. పంట అయిపోయిన కుండీల మట్టిని టార్పాలిన్ మీద పలచగా పరిచి, వేర్లు ఏరేసి, నాలుగైదు రోజులు తిరగేస్తూ ఎండబెట్టండి. వేరుపురుగు గుడ్లు, తెగులు బీజాలు చాలావరకు ఆ వేడికి పోతాయి. తర్వాత ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇంచుమించు సమపాళ్ళలో, కుండీకి ఒక గుప్పెడు వేపపిండితో కలపండి. వాన పడకముందే కలిపి, మూత వేసిన డ్రమ్ములోనో గోనెసంచుల్లోనో పైన కప్పి ఉంచాలి. తడిసి ముద్దయిన మట్టిని కలపడం రాదు, ఆరేదాకా ఆగుదామంటే వానలు ఆగవు.

జాలీలు: మిద్దె మీద నీళ్ళు దిగే ప్రతి రంధ్రం దగ్గరా ఎండుటాకులు, మట్టి తీసి ఒక బకెట్టు నీళ్ళు పోసి చూడండి. గరగరా దిగితే సరే. లోపల నిలిచిపోతే ప్లంబర్‌ను ఇప్పుడే పిలవాలి. జూన్ మూడో వారంలో అతను దొరకడు.

పందిరి గింజల కంటే ముందే ఉండాలి. బీర, కాకర మొలిచిన మూడు నాలుగు వారాలకే నులితీగలు పట్టుకోవడానికి వెతుకుతాయి. అప్పుడు పందిరి లేకపోతే పక్కనున్న మిర్చి మొక్కనో టీవీ కేబులునో పట్టుకుంటాయి. విడదీస్తే తెగుతాయి.

మృగశిరలో గుర్తు కనపడ్డాక బీర, కాకర, ఆనప, పొట్ల, దోస, బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర నేరుగా గింజలు. వంగ, మిర్చి, టమాటా నారు ట్రేల్లో. పాదు చిక్కుడు కూడా ఇప్పుడే పెట్టాలి, కానీ దాని పక్కన 'నవంబరు' అని రాసుకోండి. నాటు చిక్కుడు పగటిపూట తగ్గితే గానీ పూతకు రాదు. జూన్‌లో పెట్టినా జులై ఆఖరులో పెట్టినా కాయ చలికాలంలోనే. ఈ మాట రాసి ఉండకపోతే సెప్టెంబరులో 'ఆకులే తప్ప కాయల్లేవు' అని దాన్ని పీకేసేవాళ్ళున్నారు.

ఆరుద్రలో ఒక్కటే పెద్ద పని: వేసవిలో నీడ కోసం కట్టిన షేడ్ నెట్ తీసేయడం. వానాకాలంలో అది ఉంటే మొక్కలు ఎండ కోసం సాగిపోయి బలహీనపడతాయి. తీసిన నెట్‌ను కడిగి ఆరబెట్టి, పొడవు వెడల్పులు ఒక చీటీ మీద రాసి దానికే కట్టి దాచండి. ఫిబ్రవరిలో కొలవక్కర్లేదు.

పునర్వసు నుంచి ఉత్తర దాకా కాగితం చిన్నదే. కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలవకుండా వారానికోసారి వంచడం, డ్రమ్ముల మూతలు చూడటం తప్పనిసరి. డెంగ్యూ దోమ నిలవ ఉన్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి ఇది నెలకోసారి చేస్తే చేసినట్టు కాదు. కాకర, బీర మీద పండు ఈగ కనపడితే కుళ్ళిన పిందెలను ఏరి కవరులో కట్టి పారేయండి, కుండీలోనే వదిలేయకండి. దాని పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై వస్తుంది. ఎరువు కొంచెం కొంచెంగా, తెరిపి ఇచ్చినప్పుడు. అంతే.

*చిత్త నుంచి విశాఖ దాకా*

ఏడాది మొత్తంలో కష్టమైన కాగితం ఇది. కారణం: కొత్త పంటకు కావాల్సిన కుండీల్లో పాత పంట ఇంకా కాస్తూ ఉంటుంది. కాయ కాసే బీర తీగను పీకడానికి చేయి రాదు. అందుకే ఈ కాగితాన్ని పనుల వరసగా కాక, కుండీల గొలుసుగా రాయాలి:

'9: బీర → చిత్త మొదటి ఆదివారం పీకేయి → మట్టి గుల్ల చేసి ఎరువు, వారం ఆరనివ్వు → స్వాతిలో క్యాలీఫ్లవర్ నారు.'

'15: వంగ → వదిలేయి, కొమ్మలు సగానికి కత్తిరించి ఎరువు వేస్తే చలికాలం కాస్తుంది.'

ఇలా ప్రతి కుండీకి పీకడమో ఉంచడమో ముందే కాగితం మీద తేలిపోవాలి. పైకెళ్ళాక తేల్చుకుందామంటే తీగకు వేలాడే రెండు పిందెలే గెలుస్తాయి.

క్యాబేజీ, క్యాలీఫ్లవర్ నారు సెప్టెంబరులో, ఉత్తర కార్తెలోనే ట్రేల్లో పోసి ఉండాలి, 25 నుంచి 30 రోజుల నారు నాటుకోవాలి. పోయనివాళ్ళు నర్సరీలో కొంటారు, అదీ సరే. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్‌లను మాత్రం నారు పోసి నాటకూడదు. వేరు వంకర పోతుంది. అవి నేరుగా కుండీలోనే.

ఆకుకూరలను కార్తెకో విడత పెట్టండి. ఒక మడిని మూడు భాగాలు చేసి చిత్తలో ఒకటి, స్వాతిలో ఒకటి, విశాఖలో ఒకటి. మెంతి మూడు నాలుగు రోజుల్లో మొలిచి నెలలోపే కోతకొస్తుంది. ధనియాలను రెండు బద్దలుగా నలిపి వేస్తే మొలవడానికి ఎనిమిది పది రోజులు, కోతకు నెల దాటుతుంది. అన్నీ ఒకేరోజు చల్లితే వారం రోజులు ఇల్లంతా మెంతికూర, తర్వాత నెల రోజులు మార్కెట్టు కూర.

గులాబీ కత్తిరింపు కూడా ఈ సంధిలోనే, వానలు తగ్గి ఎండ తేటపడ్డాక. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, సన్నపు పుల్లలు తీసేసి, మంచి కొమ్మలను బయటి వైపు చూసే కన్నుకు పైన ఏటవాలుగా కోయండి. ఆరేడు వారాల్లో పూలొస్తాయి. దానికి ముందు కొనాల్సినవాటిలో 'కత్తెర సానపెట్టించాలి' అన్న గీత ఉండాలి. మొండి కత్తెర కొమ్మను నలుపుతుంది, నలిగినచోటి నుంచి ఎండు తెగులు దిగుతుంది.

చిత్త కార్తె వచ్చింది కదా, వానలైపోయాయి అనుకోకండి. 2020లో నగరాన్ని ముంచెత్తిన వాన అక్టోబరు 13న పడింది. కాబట్టి జాలీల బకెట్టు పరీక్ష ఈ కాగితంలోనూ మొదటి గీతే. పీకిన తీగల చెత్త జాలీల వైపు కొట్టుకుపోకుండా అదేరోజు కంపోస్టు డబ్బాలోకి వెళ్ళాలి.

చలికాలం నడిమధ్యన చేయాల్సింది తక్కువ. చిక్కుడు మీద పేనుబంక, మందారం మీద పిండినల్లి చూసుకోవాలి. నీళ్ళు తగ్గించాలి. మల్లెకు డిసెంబరులో నీళ్ళు బాగా తగ్గించి, జనవరిలో కత్తిరించి ఎరువు వేసి మళ్ళీ నీళ్ళు మొదలుపెడితే వేసవికి మొగ్గ తొడుగుతుంది. మిగతా టైము క్యాలీఫ్లవర్ పువ్వు మీద దాని ఆకులే మడిచి కట్టుకుంటూ కూర్చోవచ్చు. అలా కడితే పువ్వు తెల్లగా ఉంటుంది.

*ధనిష్ఠ నుంచి ఉత్తరాభాద్ర దాకా*

శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుంది. ఆ లోపే వేసవి కాగితం చేతిలో ఉండాలి. షేడ్ నెట్ 50 శాతంది, కొలతలు దానికి కట్టిన చీటీలోనే ఉన్నాయి. కట్టే తాళ్ళు, కొక్కేలు ఒకసారి లాగి చూడండి, ఏప్రిల్ గాలిదుమారానికి ముందు తెగేవి అవే. చిన్న కుండీలన్నీ ఒకచోటికి చేర్చి గుంపుగా పెట్టండి. సాయంత్రపు ఎండ తగలకుండా గోడకు తూర్పు వైపున అయితే మేలు. మట్టి కనపడకుండా పైన రెండు మూడు అంగుళాల ఎండుటాకులు పరచండి. బెండ, దోస, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి గింజలు ఫిబ్రవరిలో పడాలి. చిక్కుడు, టమాటా, బంతి గింజలను ఎండబెట్టి కవర్ల మీద రకం, నెల, ఏడాది రాసి దాచాలి.

ఏప్రిల్, మే నెలల కాగితంలో 'చేయకూడనివి' అని ఒక పెట్టె గీయండి. కుండీ మార్చకూడదు. గట్టి కత్తిరింపులు వద్దు. పిండి ఎరువులు వేయకూడదు. నీళ్ళు పోసేముందు ఎండలో పడి ఉన్న పైపులోని నీళ్ళను ఒక బకెట్టులోకి వదిలేయాలి. ఆ మొదటి నీళ్ళు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, నేరుగా మొదట్లో పోస్తే వేర్లు దెబ్బతింటాయి.

ఆదివారం చీటీ

శనివారం రాత్రి రాయాలి. అయిదుకు మించి పనులు వద్దు, అందులో పెద్దది ఒక్కటే. వేసవిలో అయితే ఎనిమిదిన్నరకల్లా దిగిపోయేలా రెండు మూడు చాలు. పక్కన ఎంతసేపు పడుతుందో రాసి, ఆ అంకెను సగం పెంచండి. మట్టి పని ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువసేపే పడుతుంది. పైగా కింద నుంచి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు.

చేయనిది తర్వాతి వారానికి మారుతుంది. రెండుసార్లు మారితే దాన్ని ముక్కలు చేయండి. ఆ ముక్కలు కూడా తెగకుండా కార్తె దాటిపోతే కొట్టేయండి. కార్తె దాటాక పెట్టిన గింజ కంటే పెట్టని గింజే మేలు, కనీసం కవరులో బతికుంటుంది. నా లెక్కలో ఈ కొట్టేసే హక్కు లేని జాబితా ఎక్కువ రోజులు నిలవదు.

ఊరెళ్ళేటప్పుడు ఇచ్చే చీటీ

సంక్రాంతికో వేసవి సెలవులకో వెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళకో వాచ్‌మన్ ఇంట్లోవాళ్ళకో తోట అప్పజెప్తాం. మన కార్తె కాగితం వాళ్ళకు ఇవ్వకూడదు. వాళ్ళకు కావాల్సింది నీళ్ళ చీటీ ఒక్కటే, అదీ మెట్ల తలుపు లోపల అతికించి:

'వదినా, పొద్దున ఏడులోపు పోస్తే చాలు, సాయంత్రం అక్కర్లేదు. ఎర్ర చుక్క పెట్టిన కుండీలకు రోజూ ఒక మగ్గు. చుక్క లేనివాటికి రోజు మార్చి రోజు. కాక్టస్‌కు అసలు వద్దు. చిక్కుళ్ళు, పాలకూర మీరే కోసుకోండి, కోయకపోతే ముదిరిపోతాయి. పైపు కుళాయి బిగుసుకుపోతే తిప్పకండి, బకెట్టు వాడండి.'

కోసుకోమన్న మాట మర్యాద కోసం కాదు. చిక్కుడు, బెండ వంటివి కోయకుండా వదిలేస్తే గింజ ముదిరి, మొక్క కొత్త పూత తగ్గిస్తుంది. ఎర్ర చుక్కలను వెళ్ళేముందు రోజు మీరే పెట్టండి.

ఫోనా, కాగితమా

రెండూ. గుర్తు చేయడానికి ఫోను, పని చేయడానికి కాగితం. మట్టి చేతులతో ఫోను ముట్టుకోలేరు. ఫోను క్యాలెండర్‌లో పైన చెప్పిన పది కార్తెలను ఏటా తిరిగొచ్చేలా పెట్టి, ఒక్కోదానికి పది రోజుల ముందు మోగేలా చేయండి. మోగినప్పుడు చేయాల్సింది పని కాదు, కాగితం తీసి కొనాల్సినవి చూడటం. పండుగల బంతి తేదీలను మాత్రం 'ఏటా' అని పెట్టకూడదు, అవి ఏటా మారుతాయి. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మెట్ల తలుపు వెనక మేకుకు తగిలించండి, పెన్సిలును దారంతో దానికే కట్టండి. పెన్ను రాత తడికి పాకుతుంది.

అయిపోయిన కాగితం

పారేయకండి. వెనకవైపు మూడు గీతలు చాలు: గుర్తు ఎప్పుడు కనపడింది, ఏ కుండీ బాగా కాసింది, ఏ పని అనవసరంగా చేశారు. వచ్చే ఏడాది కొత్త కాగితం రాసేటప్పుడు ముందు ఈ వెనకవైపు చదివి, అనవసరం అని రాసినవాటిని ఎత్తేయండి. ఒకే కుండీలో రెండేళ్ళు వరసగా వంగ, టమాటా, మిర్చి పడుతున్నాయేమో కూడా ఇందులోనే తెలుస్తుంది. అవన్నీ ఒకే కుటుంబం, ఒకదాని తెగుళ్ళే ఇంకోదానికీ. అలాంటి కుండీకి ఈసారి చిక్కుడో ఆకుకూరో రాయండి.

ఏడాది మధ్యలో మొదలుపెట్టేవాళ్ళు వెనకబడిపోయామని కంగారుపడి మూడు సంధుల కాగితాలూ ఒకేసారి రాయక్కర్లేదు. క్యాలెండర్‌లో ఇప్పుడు ఏ కార్తె నడుస్తోందో చూడండి. దాన్ని వదిలేసి, ముందు వచ్చే సంధి కాగితం ఒక్కటే రాయండి. ఈలోపు కుండీలకు నంబర్లు వేసుకోవచ్చు, కత్తెరకు సాన పెట్టించుకోవచ్చు.